సున్నాకి భయపడిన మాస్టారు

నిన్న పొద్దున పక్షవాతం నుంచి తేరుకుంటున్న ఒకావిడని మా క్లినిక్‌కి తీసుకొచ్చారు. మాట ఏ మేరకు దెబ్బతిందో చూడాలి. ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నేను చెప్పినట్టు చెప్పండమ్మా. బడి" అన్నాను. ఆవిడ నా పెదాల వంకే చూసి, ఉన్న బలమంతా కూడదీసుకుని "మణి" అంది. "గుడి" అంటే "గుణి" అంది. కాగితం మీద అంకె వేయాల్సిన నా చెయ్యి కాసేపు ఆగిపోయింది. తప్పు చెప్పానేమోనని ఆవిడ కంగారుగా కూతురి వైపు చూసింది.

తప్పేమీ లేదు. నాకు మాస్టారు గుర్తొచ్చారు, అంతే.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. గుండెపోటు అన్నారు. నేను మొదట కనిపెట్టిన మాట జబ్బుకీ దానికీ సంబంధం లేదట. వన్ టౌన్‌లో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. ముస్లిం అయ్యుండి తెలుగు పండితులా అని ఎవరైనా ఆశ్చర్యపోతే ఆయన నొచ్చుకునేవారు కాదు. "ఆశ్చర్యపడండి, తప్పులేదు. కానీ శ కింద చ ఒత్తు పలికి ఆశ్చర్యపడండి" అనేవారు.

ఒత్తు పోతే పరువు పోయినట్టే అన్నది ఆయన మాట. క్లాసులో రోజూ అనేవారట. మొదటిసారి నా దగ్గరికి వచ్చిన రోజున కూడా అదే అన్నారు, అయితే దాన్ని నవ్వుతూ అనలేదు.

ఆ రోజు పది గంటలకి అపాయింట్‌మెంట్ ఇస్తే తొమ్మిదిన్నరకే వచ్చి క్లినిక్ బయట నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబు అడుగున సుద్ద మరక, కొద్దిగా అత్తరు వాసన. తలుపు తాళం తీస్తుంటే, "బోర్డు మీరే రాయించారా అమ్మా?" అన్నారు.

"అవునండీ."

"చికిత్స అనబోయి చికిస్త అని రాశాడు పెయింటరు. మాటలు బాగుచేసే చోటు కదా, చెప్పకుండా ఉండలేకపోయాను. ఏమీ అనుకోకండి."

నాలుగేళ్ళుగా ఆ బోర్డు కిందనుంచే వెళ్తున్నాను. ఒక్కసారీ చూసుకోలేదు. నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వారుగానీ, నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

లోపల కూర్చోగానే మోచెయ్యి బల్ల మీద ఆనించి, గడ్డం కింద పిడికిలి పెట్టుకున్నారు. నేను అడిగేది వింటున్నంతసేపూ అలాగే ఉన్నారు. పాఠం అప్పజెప్పించుకునే పంతుళ్ళ అలవాటనుకున్నాను. గొంతు డాక్టరు రాసిచ్చిన చీటీ నా ముందుకి జరిపారు. గొట్టం వేసి చూశారట. స్వరతంత్రులు శుభ్రంగా ఉన్నాయి, కదలిక బాగుంది, మానసిక ఒత్తిడి కావచ్చు అని ఉంది.

"ఏమవుతోందో మీ మాటల్లో చెప్పండి మాస్టారూ."

"మధ్యాహ్నం దాకా ఏమీ కాదండీ. ఆఖరి పీరియడ్ వచ్చేసరికి నాలుక బరువెక్కుతుంది. నాలుక నాది కానట్టు ఉంటుంది. ఒత్తులు పోతాయి. ముక్కుతో మాట్లాడినట్టు ముద్దముద్దగా వస్తుంది. కళ్ళు మూతలు పడతాయి. పిల్లలు మొదట్లో నవ్వారు. ఇప్పుడు నవ్వట్లేదు." జేబు మీది సుద్ద మరక దులుపుకుంటూ, "ఒక పిల్లాడి తండ్రి సాయంత్రం స్కూలు దగ్గరికొచ్చి నాతో మాట్లాడాడు. మాస్టారు తాగి పాఠం చెబుతున్నాడని మా కరస్పాండెంట్ గారికి చెప్పాడు" అన్నారు.

ఆ మాట అన్నాక ఆయన నా వైపు చూడలేదు.

తాగడం మాట అటుంచి, కిళ్ళీ కూడా వేసుకోని మనిషి. స్టాఫ్ రూములో సాటి మాస్టర్లు 'నోరు మంచిదైతే ఊరు మంచిది మాస్టారూ' అని నవ్వుతున్నారట. ఆ కబురు స్కూలు గేటు దాటి, ఆయన తమ్ముడి స్టీలు సామాన్ల కొట్టు దాటి, మసీదు మెట్ల దాకా పోయింది. శుక్రవారం నమాజులో పక్కన నిలబడిన పెద్దాయన కాస్త ఎడంగా జరిగాడట. నిజంగా జరిగాడో, తనకలా అనిపించిందో తెలియదన్నారు.

"కరస్పాండెంట్ గారు మంచివారేనండీ. పరీక్ష చేయించుకుని రండి అన్నారు. జబ్బుందని రాసిస్తే మీ పక్కన నిలబడతాను, ఏమీ లేదని రాస్తే మాత్రం తల్లిదండ్రులకి నేను జవాబు చెప్పలేను అన్నారు."

పరీక్ష మొదలుపెట్టాను. ఊపిరి పీల్చుకుని 'ఆ' అని ఆపకుండా అనమన్నాను. గంట మోగినట్టు అన్నారు. ప, త, క అక్షరాలు గబగబా పలకమంటే ముత్యాలు దొర్లించారు. ముక్కు కింద చిన్న అద్దం పెట్టి మాట్లాడించాను. గాలి ముక్కులోంచి జారితే అద్దానికి ఆవిరి పడుతుంది. పడలేదు. అందరిచేతా చదివించే పేరా ఒకటుంది, అది ఇచ్చాను. చదివి, కాగితం వెనక్కి తిప్పి చూసి, "ఇందులో ఘ, ఝ, ఢ ఒక్కటీ లేవే" అని గొణుక్కున్నారు. ఆయన పలికిన తీరు వింటుంటే నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది. బడిలో నాకు ఇలాంటి మాస్టారు ఉండి ఉంటే బాగుండేదనిపించింది.

మా లెక్కలో సున్నా నుంచి మూడు దాకా అంకెలుంటాయి. సున్నా అంటే ఏ లోపమూ లేదు. ఒకటి కొద్దిగా, రెండు ఓ మాదిరి, మూడు తీవ్రం. స్వరానికీ ఉచ్చారణకీ ముక్కుదనానికీ విడివిడిగా వేస్తాం. మూడింటికీ సున్నాలే పడ్డాయి. రోజూ రెండులు, మూడులు వేసే చెయ్యి. సున్నా వేసే అవకాశం వస్తే సంతోషంగానే వేస్తాను.

"అన్నీ బాగున్నాయి మాస్టారూ. ఈ పూట మీ మాటలో ఏ లోపమూ లేదు. సున్నా."

ఆయన ముఖంలో రక్తం లేకుండా పోయింది.

"అంత మాట అనకండమ్మా" అన్నారు. "జీవితంలో మొదటిసారి సున్నాకి భయపడుతున్నాను. నాకేమీ లేదని మీరు రాస్తే నేను తాగినట్టేగా!"

ఏ మనిషి మాటనైనా ఆ గదిలో, వచ్చిన ఆ కాస్త సేపట్లో, ప్రశాంతంగా వినే కొలుస్తాను. ఆయన భయం మాత్రం సాయంత్రం నాలుగు గంటలది. చీటీ రాయకుండా పక్కన పెట్టేసి, "ఆఖరి పీరియడ్ అవగానే నేరుగా ఇక్కడికి రండి. ఎవరితోనైనా రండి" అన్నాను.

ఆయన వెళ్ళాక నాకు స్థిమితం లేదు. వీధిలో మెడికల్ రిప్రజెంటేటివ్‌లు, స్కానింగ్ కవర్లు పట్టుకున్న జనం, ఆటోల హారన్లు, అంతా రోజూలాగే ఉంది. మనసులో ఒక మూల అనుమానం కూడా లేకపోలేదు. ఎంత మంచివాళ్ళనైనా మందు లాగేస్తుంది, చూస్తూనే ఉన్నాంగా. మళ్ళీ ఆయన 'జరిగాడో, నాకలా అనిపించిందో' అన్న తీరు గుర్తొచ్చి ఆ అనుమానం నిలవలేదు.

మర్నాడే సాయంత్రం భార్యతో వచ్చారు. ఆవిడ బురఖాలో, చేతిలో ఫ్లాస్కుతో, ఆయన కంటే రెండడుగులు ముందు నడుస్తోంది. ఆయన గుమ్మంలోనే ఆగి తల అడ్డంగా ఊపారు.

"మళ్ళీ బాగైపోయిందమ్మా. స్కూలు గేటు దాటేటప్పుడు మాట రాలేదు. ఆటో ఎక్కాక మాట్లాడొద్దని ఈవిడ ఒట్టు పెట్టించుకుంది. రైలు కట్ట కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. ఇక్కడ దిగేసరికి చూడండి, ఎంత చక్కగా పలుకుతున్నానో!" ఆయన గొంతులో ఏడుపు వినిపించింది. "మీ గుమ్మం తొక్కగానే నా నోరు నా మీదే పగ పడుతోంది. నిజంగానే నాకేమీ లేదేమో. ఇదంతా నేనే కల్పించుకుంటున్నానేమో."

"కల్పించుకోవడం ఏంటి?" అంది ఆవిడ. నా వైపు తిరిగి, "మేడం, ఈయన చెప్పరు, నేను చెబుతాను. రాత్రి అన్నం సగంలో వదిలేస్తారు. దవడలు లాగేస్తున్నాయంటారు. మొన్న టీ తాగుతుంటే ముక్కులోంచి వచ్చింది. కుడి కన్ను సగం మూసుకుపోయి ఉంటుంది. తెల్లారి లేస్తే అన్నీ మామూలే. మా అత్తగారేమో ఎవరో చేయించారని తాయెత్తు కట్టారు."

"ఇవన్నీ నోటి సంగతులు కావుగా, ఆవిణ్ణి ఎందుకు విసిగిస్తావు?" అన్నారాయన.

ఇద్దరినీ కూర్చోబెట్టి ఆవిడ చెప్పిన ఒక్కో ముక్కా రాసుకున్నాను. అప్పుడు చూశాను, ఆయన గడ్డం కింద పిడికిలిని. అది పంతుళ్ళ అలవాటు కాదు. జారిపోయే దవడని ఆయన చేత్తో ఎత్తి పట్టుకుంటున్నారు.

నా మనసులో రెండు జబ్బుల పేర్లు మెదిలాయి. రెండూ మాటని ఇలాగే ముద్ద చేస్తాయి. ఒకదానికి మందుంది. రెండోదానికి లేదు. ఏదో తేల్చాల్సింది నరాల డాక్టరు. కానీ ముందు ఆ మాట పాడవడం ఒక్కసారి నా చెవిన పడాలి.

"మాస్టారూ, నాకు పాఠం చెప్పండి" అన్నాను.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. స్కూల్లో ఎలా చెబుతారో అలాగే. గొంతు తగ్గించకుండా, నేను ఆపమనేదాకా."

ఆయన లేచి చొక్కా సర్దుకున్నారు. "ఏ క్లాసు?"

"పదో క్లాసు అనుకోండి."

"అయితే ఆ ఫోను లోపల పెట్టండి" అన్నారు. పెట్టాను.

ప్రకృతి వికృతులు ఎత్తుకున్నారు. సంస్కృతం మాటలు తెలుగువాళ్ళ నోళ్ళలో పడి ఎలా అరిగి నునుపు తేలాయో చెప్పడం. భక్తి బత్తి అయింది, భాష బాస అయింది, విద్య విద్దె, దీపం దివ్వె, ముఖం మొగం. "వికృతి అంటే వికారం అనుకోకండర్రా. కృష్ణ ఒడ్డున రాళ్ళు చూశారా? కొండ మీద ఉన్నప్పుడు ఎంత గరుకు! నీళ్ళలో దొర్లి దొర్లి మన అరచేతిలోకి వచ్చేసరికి ఎంత నునుపు!" గదిలో అటూ ఇటూ నడుస్తున్నారు. నన్నూ తన భార్యనీ ఇద్దరినీ ప్రశ్నలడుగుతున్నారు. ఆవిడ తప్పు చెబితే "కూర్చోకు, నిలబడు" అన్నారు. ఆవిడ నిజంగానే నిలబడింది. మనిషి రెండింతలు పెరిగినట్టున్నారు. ఇంత బాగా చెప్పే మనిషి మీద ఆ నింద ఎలా వేశారా అనుకుంటున్నాను.

అంతలో 'దివ్వె' అన్న మాటలో మొదటి అక్షరం కాస్త మెత్తబడింది. ఆయన గమనించలేదు. చెబుతూ పోయారు. దివ్వె నివ్వె అయింది. విద్దె విన్నె అయింది. బాస మాస అయింది. గొంతు ముక్కులోకి జారిపోతోంది. కుడి కనురెప్ప తెర దించినట్టు దిగింది. నేను కదల్లేదు. ఇంకా వినాలనీ ఉంది, వినలేకపోతున్నాను కూడా. బత్తి అనబోయి "మత్తి" అన్నారు. ఆ మాట తన చెవినే పడి ఠక్కున ఆగిపోయారు.

నా ముఖంలోకి చూశారు. ఆయన నవ్వబోతే పెదాల చివరలు పైకి లేవలేదు. పళ్ళు మాత్రం కనిపించాయి. కోపమేమో అనుకునేలా ఉంది ఆ నవ్వు.

"ఇనేనమ్మా... ఇనే" అన్నారు. "విన్నారా? మీకు వినమణిన్నా?"

"వినపడింది మాస్టారూ. నాకు వినపడింది. కూర్చోండి, ఇంక ఒక్క మాట కూడా మాట్లాడకండి."

ఆయన కూర్చుని తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు. ముఖం నిండా తృప్తి. మాట పోయినందుకు అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నిలబడే ఉన్న ఆయన భార్య బురఖా అంచుతో కళ్ళు తుడుచుకుంటోంది.

నాకు మాత్రం అసలు భయం అప్పుడు మొదలైంది. కాసేపు విశ్రాంతి ఇస్తే మాట తిరిగి రావాలి. వస్తే మందున్న జబ్బు అనుకోవచ్చు. రాకపోతే? గడియారం వంక చూస్తూ కూర్చున్నాను. ఫ్యాను చప్పుడు, బయట ఎవరో స్కూటరు కిక్కు కొడుతున్న చప్పుడు. ఆవిడ పెదాలు దువా చదువుకుంటూ కదులుతున్నాయి. చివరికి ఇంక ఆగలేక, "మాస్టారూ, ఒక్కసారి భక్తి, బత్తి అనండి" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచారు. "భక్తి. బత్తి" అన్నారు. శుభ్రంగా.

కాగితం మీద పక్కపక్కనే రెండు వరుసలు వేశాను. పాఠం ముందు సున్నా, పాఠం తర్వాత రెండు, మూడు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని మూడు అంకెని వేలితో దిద్దారు. మంచి మార్కులొచ్చిన పిల్లాడిలా భార్యకి చూపించారు.

వెనక వీధిలోనే నరాల డాక్టరు. నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. పరీక్షలు అయ్యాయి, ఛాతీ స్కాను అయింది, ఇంజక్షన్ చేసి చూశారు. వాలిన రెప్ప మా కళ్ళ ముందే లేచింది. మయస్థీనియా అన్నారు. నరం పంపే ఆజ్ఞ కండరానికి సరిగ్గా అందదు. వాడుతున్నకొద్దీ అలిసిపోతుంది, విశ్రాంతిస్తే కోలుకుంటుంది. వేళ తప్పకుండా మాత్రలు వేసుకోవాలి, జలుబు, జ్వరం రాకుండా చూసుకోవాలి, ఊపిరి కండరాలకి పాకితే ప్రమాదమని గట్టిగా చెప్పారు. మాస్టారు జబ్బు పేరు రెండుసార్లు పలికి చూసుకున్నారు.

"పేరులో ఒత్తుంది. పరువైన జబ్బే" అన్నారు.

కథ అక్కడ ఆగిపోయి ఉంటే బాగుండేది. మాత్రలతో మాట కుదురుకుంది. డాక్టరు రాసిన కాగితం, నేను రాసిన కాగితం స్కూల్లో ఇచ్చారు. కరస్పాండెంట్ నమ్మారు. కానీ ఫిర్యాదు చేసిన తండ్రి ఊరుకోలేదు. ఆటోనగర్‌లో లారీల స్పేర్ పార్ట్స్ కొట్టు ఆయనది. కాగితాలు ఎవరైనా రాయించుకొస్తారు, ఇప్పుడు మాట బాగానే ఉందిగా, అప్పుడు తాగలేదని ఏంటి రుజువు అన్నాడట. ఇంకో నలుగురు తల ఊపారు. శనివారం మధ్యాహ్నం తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. మీరు కూడా వచ్చి జబ్బు సంగతి వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పండమ్మా అని మాస్టారు నాకు ఫోన్ చేశారు. ఫోన్‌లో కొద్దిగా జలుబు గొంతు. అడిగితే, "వానలో తడిశాను, అంతే" అన్నారు.

మీటింగు స్కూల్లో మేడ మీద హాల్లో. నేను వెళ్ళేసరికి మాస్టారు ముందు వరుసలో పిడికిలి మీద గడ్డం ఆనించుకుని ఉన్నారు. దగ్గరికి వెళ్ళి, "మాత్ర వేసుకున్నారా?" అన్నాను. ఆయన అరచెయ్యి చూపించారు, తర్వాత మాట్లాడదాం అన్నట్టు. ఆ చెయ్యి కూడా సగమే లేచింది. నేను నోరు తెరిచేలోపే కరస్పాండెంట్ ఆయన్ని పిలిచారు.

మైకు వద్దన్నారు. నిలబడి మొదలుపెట్టారు. "నేను ఈ బళ్ళో..." మొదటి రెండు వాక్యాలు తెలిశాయి. తర్వాత ముద్ద. 'తాగుడు' అన్న మాట అనాలని చూస్తున్నారు, రావట్లేదు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. స్పేర్ పార్ట్స్ ఆయన లేచి, "చూశారా? నేను చెప్పింది ఇదే. ఇప్పుడైనా నమ్ముతారా?" అన్నాడు.

మాస్టారు ఆయన వైపు చెయ్యి చాపి, అవును, ఇదే, చూడండి అన్నట్టు తల ఊపారు. ఆ ఊపిన తల మళ్ళీ పైకి లేవలేదు. గడ్డం ఛాతీకి ఆనిపోయింది. దగ్గబోయారు. దగ్గు రాలేదు, గాలి మాత్రం సన్నగా వచ్చింది. ఆ చప్పుడు విన్న తర్వాత నాకు మాట గురించి ధ్యాసే పోయింది. పరుగెత్తుకెళ్ళి, "మాస్టారూ, ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పండి" అన్నాను. మూడు దాటలేకపోయారు.

"ఊపిరి ఆడట్లేదు. కారు తీయండి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కరస్పాండెంట్ కారులో వెనక సీట్లో పడుకోబెట్టబోతే వద్దన్నాను, కూర్చోబెట్టాలి. తల నిలవడం లేదు. మెట్ల మీదనుంచి ఆయన్ని మోసుకొచ్చిన వాళ్ళలో ఆ స్పేర్ పార్ట్స్ ఆయన కూడా ఉన్నాడు. "ఎక్కండి. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి పైకెత్తి పట్టుకోండి, వదలొద్దు" అన్నాను. ఎక్కాడు. దారి పొడుగునా ఆ గ్రీజు పట్టిన చేతుల్లోనే మాస్టారి ముఖం ఉంది. చొంగ కారి అతని మణికట్టు మీదుగా పోతుంటే తుడుచుకోలేదు. ఒక్కసారి మాత్రం మాస్టారి నోటి దగ్గరికి వంగి వాసన చూశాడు. చూసి, తల తిప్పుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. "తొందరగా పోనియ్యండి సార్, తొందరగా" అని మాత్రం అంటున్నాడు.

ఆస్పత్రిలో నోట్లోంచి గొట్టం వేసి మిషను మీద పెట్టారు. ముందు రోజు పొద్దున నుంచీ మాత్రలు మానేశారని ఆయన భార్య ఖాళీ కావాల్సిన అట్టలో మాత్రలు మిగిలి ఉండటం చూసి కనిపెట్టింది. ఆ వారమంతా ఐసీయూ బయట బల్ల మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరం లేచేవాళ్ళం.

గొట్టం తీశాక మింగగలుగుతున్నారో లేదో, గొంతు ఎలా ఉందో చూడమని డాక్టరు నన్నే పిలిచారు. చెంచాతో నీళ్ళు తాగించాను. మింగారు. నాకు అంతదాకా ఆపుకున్న కోపం వచ్చేసింది.

"ఎందుకు మానేశారు మాస్టారూ?"

బొంగురుగా, ఆగి ఆగి చెప్పారు. "మీరు కాగితం మీద రాశారు, వాళ్ళు నమ్మలేదు. చెవులారా వింటే నమ్ముతారనుకున్నాను."

"ప్రాణం పోయి ఉంటే?"

"తాగుబోతన్న పేరు మిగిలేది కాదుగా అమ్మా."

మంచానికి అటుపక్క నిలబడ్డ ఆయన భార్య దగ్గరికి వంగింది. "మీ పేరుతో నేనేం చేసుకోను?" అంది. గొంతు పెంచలేదు. "చెప్పండి. పొద్దున్నే లేచి మీ పేరుకి టీ ఇవ్వనా?"

మాస్టారు ఆవిడ చెయ్యి కోసం దుప్పటి మీద వెతుక్కున్నారు. ఆవిడ వెంటనే ఇవ్వలేదు. కాసేపయ్యాక ఇచ్చింది.

ఆ తర్వాత ఆయన మాత్ర వేళ తప్పడం నేను ఎరగను. కొన్నాళ్ళకి మళ్ళీ స్కూలుకి వెళ్ళారు. పీరియడ్లన్నీ ఉదయానికి మార్చారు. ఆయన మాత్రం పదో క్లాసుకి ఒక ఆఖరి పీరియడ్ అడిగి తీసుకున్నారు. ఎందుకు మాస్టారూ పంతం అంటే, "ఆ గంటలోనే నన్ను తాగుబోతన్నారు. దాన్ని అలా వదిలేసి పోలేను" అన్నారు. ఒకసారి వచ్చి వినమన్నారు. ఆ కారు ప్రయాణం తర్వాత ఆ మేడ మెట్లు ఎక్కాలంటే నాకు బెరుకే. అయినా వెళ్ళాను.

వెనక బెంచీలో కూర్చున్నాను. మొదలుపెట్టే ముందు ఆయన పిల్లలకి మామూలుగా చెప్పే మాటే చెప్పారు. "నా మాట తెలియకపోతే చెయ్యెత్తండి. మొహమాటపడొద్దు."

పాఠం మొదలైంది. బాగా సాగింది. నేను పాఠం వినడం లేదు. ఒక్కో అక్షరం జారుతుందా అని చెవి ఒగ్గి కూర్చున్నాను. చాలాసేపటికి ఒక 'బ' లోంచి గాలి ముక్కులోకి కొద్దిగా తప్పించుకుంది. క్లాసులో ఎవరూ కదల్లేదు. ఇంకొకటి జారింది. ఉండబట్టలేక నా చెయ్యి లేచింది.

ఆయన చూశారు. "మీరు కాదమ్మా" అన్నారు. "మీ చెవి మరీ పదునైంది. వీళ్ళకి తెలిసినంతసేపూ నేను బాగున్నట్టే."

చెయ్యి దించేశాను. ఆయన ఇంకో పద్యానికి అర్థం చెప్పారు, సగానికి పైగా. అప్పుడు కిటికీ పక్క అమ్మాయి చెయ్యెత్తింది. తర్వాత ముందు బెంచీలో ఇంకొకరు. తర్వాత మరొకరు. మాస్టారు వాక్యం మధ్యలోనే ఆపేసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. కిటికీ పక్క అమ్మాయి లేచి, ఆయన ఆపిన చోటు నుంచి పుస్తకంలో చదవడం మొదలుపెట్టింది. నేను ఆయన ఛాతీ లేవడం, దిగడం చూస్తూ కూర్చున్నాను.

గంట కొట్టారు. మిగతా క్లాసుల పిల్లలు మెట్లమీద దడదడమని దిగిపోతున్నారు. ఈ గదిలో ఒక్కరూ లేవలేదు. సంచులు ఒళ్ళో పెట్టుకుని, ఆయన ముఖం వంకే చూస్తూ కూర్చున్నారు. మెట్ల మీద చప్పుడు తగ్గింది. బయట ఆటోవాళ్ళు హారన్లు కొడుతున్నారు.

మాస్టారు కళ్ళు తెరిచారు.

"ఇక బయల్దేరండి. ఆటోలు వెళ్ళిపోతాయి" అన్నారు. ప్రతి అక్షరం తేటగా వినిపించింది.

అప్పుడు లేచారు పిల్లలు.